సైన్యాధిపతి నుంచి గవర్నరు పదవికి: జనరల్ కె.వి. కృష్ణారావు వృత్తిజీవిత పరిశీలన

తెలుగువారి ఆత్మకథలపై జరిగిన పరిశోధనలో రచయితలకు, రాజకీయ నాయకులకు దక్కిన చోటు సైనికులకు దక్కలేదు. భారత సైన్యాధిపతిగా (1981–83) పనిచేసిన కోటికలపూడి వేంకట కృష్ణారావు (1923–2016) తన జ్ఞాపకాలను ఆంగ్లంలో రాయడం అందుకు ఒక కారణం కావచ్చు. ఆయన యుద్ధానుభవం కంటె పదవీ విరమణానంతర దశే ఎక్కువ పరిశీలనార్హమని ఈ వ్యాసం భావిస్తుంది.

1942లో సైన్యంలో అధికారిగా చేరిన కృష్ణారావు, 1970 దశకారంభంలో 8వ పర్వత డివిజనుకు నాయకత్వం వహించారు. ఆ డివిజను నాగాలాండ్, మణిపూర్‌లలో తిరుగుబాటు నిరోధక విధులు నిర్వర్తించింది. 1971 యుద్ధంలో సిల్హెట్ రంగంలో పోరాడింది. ఈ రెండు పనుల స్వభావం వేరు. సిల్హెట్‌లో శత్రువు సైనిక దుస్తులలో ఎదుట నిలిచాడు. కొండ గ్రామాలలో తిరుగుబాటుదారుడెవరు, గ్రామస్థుడెవరు అన్నదే మొదటి ప్రశ్న. దానికి జవాబు ఆయుధం చెప్పలేదు, సమాచారమే చెప్పాలి. భయపడిన గ్రామం ఇచ్చే సమాచారం నమ్మదగినది కాదు. మన బొగ్గుగనుల ప్రాంతపు కథలు చదివినవారికి ఇది కొత్త సంగతి కాదు.

1984 నుంచి 1989 వరకు ఆయన నాగాలాండ్, మణిపూర్, త్రిపురలకు గవర్నరు. త్రిపురలో 1988 నాటి శాంతి ఒప్పందం ఆ కాలంలోనే కుదిరింది. 1989 జులైలో జమ్మూ కాశ్మీరుకు వెళ్లిన ఆయన తొలి పదవీకాలం ఆరు నెలలకే, 1990 జనవరిలో ముగిసింది.

1993 మార్చిలో తిరిగి నియమితులైనప్పుడు రాష్ట్రం రాష్ట్రపతి పాలనలో ఉంది. శాసనసభ లేదు, సైన్యం, కేంద్ర బలగాలు, పోలీసు, నిఘా సంస్థల సమన్వయభారం గవర్నరుపైనే పడింది. ఆ అక్టోబరులో హజ్రత్‌బల్ మందిరాన్ని బలగాలు ముట్టడించాయి. దాడి జరగకుండానే నవంబరులో లోపలివారు లొంగిపోయారు. చరారే షరీఫ్ విషయంలో అలా జరగలేదు. అక్కడ సాయుధులు చేరిన సంగతి ముందే తెలుసు. అయినా 1995 మేలో ఆ దర్గా దగ్ధమైంది. అక్కడ లోపించినది సమాచారం కాదు, సకాల నిర్ణయమని నా అభిప్రాయం. నిఘా వ్యవస్థల చర్చలో ఈ భేదాన్ని తరచు విస్మరిస్తారు.

అదే ఏడాది జనవరి 26న జమ్మూలో ఆయన ప్రసంగిస్తుండగా బాంబులు పేలాయి. ఆయన ప్రాణాపాయం తప్పించుకున్నారు. 1996 సెప్టెంబరులో శాసనసభ ఎన్నికలు జరిగాయి, అక్టోబరులో ఫరూక్ అబ్దుల్లా ముఖ్యమంత్రి అయ్యారు. జ్ఞాపకాలను ఆకరంగా తీసుకునే పరిశోధకుడు హజ్రత్‌బల్, చరారే షరీఫ్ కథనాలను నాటి పత్రికలతో సరిపోల్చి చదవాలి. ఆత్మకథ తన కర్త పక్షాన వాదించే ప్రక్రియ. సైనికుని ఆత్మకథకూ మినహాయింపు లేదు.