ముఖం మీద ముఖం
(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన రేడియో ప్రసంగం)



మా ఇంటి ముందుగదిలో గోడకు ఒక చేర్యాల మాస్కు తగిలించి వుంది. ఆడమనిషి ముఖం. కొబ్బరిచిప్ప మీద రంపపు పొట్టూ, చింతగింజల జిగురూ కలిపిన ముద్దను మెత్తి, ఆరబెట్టి, పైన రంగులు వేసి చేస్తారు వాటిని. నుదుట పెద్ద బొట్టు, చారడేసి కళ్ళు. మొన్న పక్కింటి పాప వచ్చి దాన్ని తేరిపార చూసి, "ఆంటీ, ఈవిడ నవ్వుతోందా, ఏడుస్తోందా?" అని అడిగింది. "నవ్వుతోందమ్మా" అన్నాను. సాయంకాలం దీపం పెట్టేవేళకు మళ్ళీ చూస్తే నాకే అనుమానం వచ్చింది. పొద్దున కిటికీ వెలుగులో నవ్విన ముఖం, నీడ పడేసరికి దిగులుగా కనిపించింది. అందులో ఒక్క గీత మారలేదు. మారింది వెలుగు. దాంతోపాటు, పొద్దుటినుంచీ చాకిరీ చేసి అలిసిపోయిన నేను కూడా కొంత మారి వుంటాను.

సినిమావాళ్ళు మాస్కును కథ చెప్పడానికి ఎలా వాడుకొంటారో ఈ రోజు చెప్పుకొందాము. ఆ పాప వేసిన ప్రశ్నలోనే దానికి సగం జవాబు వుంది.

"నటించేవాళ్ళకు ముఖమే కదా ఆస్తి! దాన్ని కప్పేస్తే ఇంక నటన ఎక్కడ?" అని మీరు అడగవచ్చు. నేనూ అలాగే అనుకొనేదాన్ని. రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు 1920 ప్రాంతంలో చేసిన ఒక ప్రయోగం గురించి సినిమా చదువుల్లో ఇప్పటికీ చెబుతారు. ఏ భావమూ లేని ఒక నటుడి ముఖం తీసుకొని, దాని పక్కన ఒకసారి సూపు గిన్నె, ఒకసారి శవపేటిక, మరొకసారి ఒక అందమైన స్త్రీ బొమ్మ అతికించి చూపించాడట. చూసినవాళ్ళు, ఆకలి ఎంత బాగా చూపించాడు, దుఃఖం ఎంత బాగా పలికించాడు, కోరిక ఎంత బాగా కనపరచాడు అని మెచ్చుకొన్నారట. ముఖం మాత్రం మూడుసార్లూ ఒక్కటే! ఆకలీ, దుఃఖమూ, కోరికా చూసేవాళ్ళ మనసులోంచి వచ్చాయి. మాస్కు చేసే పని కూడా సరిగ్గా ఇదే. ముఖం ఏమీ చెప్పకపోతే, చెప్పే పని మన మీద పడుతుంది.

ఈ రహస్యం సినిమా పుట్టకముందే జపానువాళ్ళకు తెలుసు. అక్కడ 'నో' అనే నాటకం ఆరువందల ఏళ్ళ నాటిది. కొయ్యతో చెక్కిన మాస్కులు పెట్టుకొని ఆడతారు. తల కొంచెం పైకెత్తితే వెలుగు పడి ముఖం వికసించినట్టుంటుంది. కొంచెం దించితే నీడ పడి దుఃఖం కమ్మినట్టుంటుంది. వాటిల్లో 'హన్యా' అనే మాస్కు వొకటి వుంది. అసూయతో, అవమానంతో రాక్షసిగా మారిపోయిన ఆడదాని ముఖం అది. రెండు కొమ్ములు, చెవుల దాకా చీలిన నోరు, మిడిగుడ్లు. ఎదురుగా చూస్తే కోపంతో మండిపోతూ వుంటుంది. అదే తల వంచితే ఏడుస్తున్నట్టుంటుంది. కోపమూ, ఏడుపూ ఒకే కొయ్యముక్కలో చెక్కిన ఆ పనివాళ్ళకు ఆడవాళ్ళ సంగతి బాగా తెలుసునని నాకనిపిస్తుంది. ఈ మాస్కును గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాము.

మాస్కుతో కథ నడపడంలో మొదటి సూత్రం: లోపల వున్నది ఎవరో ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు? దీనికి మనందరికీ తెలిసిన ఉదాహరణ 1957లో వచ్చిన 'మాయాబజార్'. అందులో కొయ్య మాస్కు లేదు. సావిత్రి ముఖమే మాస్కు. లోపల వున్నది ఘటోత్కచుడు. ఆ సంగతి మనకు తెలుసు, కౌరవులకు తెలియదు. అందుకే ఆ అమ్మాయి సుకుమారంగా నడిచి నడిచి, ఒక్కసారి మగవాడిలా అడుగు వేసేసరికి హాలంతా గొల్లుమంటుంది. తెలిసిన మనం నవ్వుతాము, తెలియని లక్ష్మణకుమారుడు బెదిరిపోతాడు. అదే సంగతి మనకు కూడా దాచి వుంటే ఆ నవ్వు వుండేది కాదు, వట్టి వింత మిగిలేది.

దీనికి తలకిందులుగా నడిపించింది 1925లో అమెరికాలో తీసిన 'ఫాంటమ్ ఆఫ్ ది ఓపెరా' అనే మూకీ చిత్రం. నాటకశాల అడుగున దాక్కొన్న మనిషి, ముఖానికి మాస్కు. లోపల ఏముందో మనకూ తెలియదు. అతడు ఎత్తుకొచ్చిన గాయని, ఉండబట్టలేక వెనకనుంచి వచ్చి ఆ మాస్కు లాగేస్తుంది. లోన్ చానీ అనే నటుడు తన మేకప్పు తనే వేసుకొన్నాడు, పుర్రెలాంటి ముఖం! మాస్కు వుందంటే, దాన్ని ఎవరో ఒకరు తీసే ఘట్టం కూడా వుండి తీరాలి. ఆ ఘట్టం కోసమే మనం కుర్చీలో కదలకుండా కూర్చొంటాము.

తీసినా ఏమీ తెలియని మాస్కులు కూడా వున్నాయి. జాన్ కార్పెంటర్ 1978లో 'హాలోవీన్' అనే భయానక చిత్రం తీశాడు. డబ్బు తక్కువ. మాస్కు చేయించే స్తోమత లేక, టెలివిజన్ సీరియల్ 'స్టార్ ట్రెక్'లోని నౌక కెప్టెన్ ముఖంతో అంగట్లో అమ్మే రబ్బరు మాస్కును రెండు డాలర్లలోపే కొన్నారు. కళ్ళ కంతలు పెద్దవి చేసి, జుట్టు చెదరగొట్టి, ముఖానికి తెల్లరంగు కొట్టారు. అంతే! సున్నం కొట్టిన గోడలాంటి ముఖం తయారయింది. ఆ హంతకుడికి కోపం లేదు, కసి లేదు, కారణం లేదు. బతిమాలుకోవడానికి అక్కడ మనిషి ముఖం లేదు. భయమంతా ఆ ఖాళీతనంలోనే వున్నది.

అదే తెల్లదనంతో జాలి కూడా పుట్టించవచ్చు. ఫ్రాన్సులో జార్జ్ ఫ్రాంజు 1960లో తీసిన చిత్రం వొకటి వుంది. పేరుకు అర్థం, 'ముఖం లేని కళ్ళు'. ఒక పెద్ద డాక్టరు కారు నడుపుతూ ప్రమాదం చేసి, కూతురి ముఖం పాడుచేస్తాడు. ఆ తప్పు దిద్దుకోవాలని వేరే ఆడపిల్లలను ఎత్తుకొచ్చి, వాళ్ళ ముఖచర్మం తీసి కూతురికి అతికించడానికి చూస్తాడు. ఆ కూతురు సినిమాలో చాలాభాగం నున్నటి తెల్ల మాస్కుతో వుంటుంది, కళ్ళు మాత్రమే కనిపిస్తాయి. తండ్రికి ముఖం వుంది, దాన్నిండా పెద్దమనిషి తరహా వుంది. కూతురికి ముఖం లేదు. కానీ మనం మనిషిని చూసేది ఆ కళ్ళల్లోనే. తండ్రి తన కోసమే చేస్తున్నానంటాడు గాని, ఆమెకేం కావాలో అడగడు. చివరకు బంధించిన పిల్లను ఆమే విడిపిస్తుంది. "నీ మంచికోసమే" అనే మాట కింద పిల్లల ముఖాలు మనం కూడా ఎన్నిసార్లు కప్పుతామో అనిపించింది నాకు.

ఇప్పుడు హన్యా దగ్గరకు వస్తాను. కనేతో షిందో అనే జపాను దర్శకుడు 1964లో 'ఒనిబాబా' అనే చిత్రం తీశాడు. 'రాక్షసి ముసలి' అని అర్థం చెప్పుకోవచ్చు. మా తోడికోడలికి పాత విదేశీ చిత్రాలంటే ఇష్టం. వాళ్ళింటికి వెళ్ళినప్పుడు పిల్లలు పడుకొన్నాక చూపించింది. పిల్లలతో కలిసి చూసే చిత్రం కాదు, ముందే చెబుతున్నాను. అడుగున ఇంగ్లీషు అక్షరాలు నేను కూడబలుక్కొనేలోగా వెళ్ళిపోతూ వుంటే, ఆవిడే అర్థం చెప్పుకొంటూ వచ్చింది.

కథ అత్తాకోడళ్ళది. పద్నాలుగో శతాబ్దం, దేశమంతా యుద్ధం. కొడుకును యుద్ధానికి పట్టుకుపోయారు. మనిషెత్తు రెల్లుగడ్డి మధ్య గుడిసెలో అత్తా, కోడలూ మిగిలారు. తిండి లేదు. దారితప్పి వచ్చిన సిపాయీలను ఇద్దరూ కలిసి చంపి, శవాలను లోతైన గోతిలో పడేసి, కవచాలూ కత్తులూ అమ్మి గింజలు తెచ్చుకొంటారు. ఘోరమే. కానీ దర్శకుడు వాళ్ళను తిట్టడు, ఆకలి ఎంతదాకా తీసుకుపోతుందో చూపిస్తాడు. ఇంతలో పొరుగువాడు యుద్ధంనుంచి పారిపోయి వచ్చి, కొడుకు చచ్చిపోయాడని చెబుతాడు. కొన్నాళ్ళకు కోడలు రాత్రిళ్ళు అతని గుడిసెకు పోవడం మొదలుపెడుతుంది.

అత్తకు కోపం. కోడలు పోతే తను ఒక్కతే బతకలేదు. అదీ అసలు సంగతి! ఆ సమయంలో హన్యా మాస్కు పెట్టుకొన్న ఒక యోధుడు దారి అడుగుతూ వస్తాడు. ముసలావిడ అతన్ని గోతిలో పడేట్టు చేసి, ఆ మాస్కు వూడదీసుకొంటుంది. లోపల అతని ముఖం పుండులా వుంది. అప్పుడైనా అనుమానం రావాలి, రాలేదు. ఆ రాత్రినుంచి మాస్కు పెట్టుకొని, గడ్డిలోంచి లేచి నిలబడి కోడల్ని భయపెడుతుంది. పిల్ల ప్రాణాలు అరచేత పట్టుకొని ఇంటికి పరుగెత్తుకొస్తుంది. అత్త గెలిచింది.

ఒక రాత్రి వాన పడుతుంది. తడిసిన మాస్కు ముఖానికి అంటుకుపోతుంది. లాగినా రాదు. ఏ కోడల్ని భయపెట్టిందో ఆ కోడలి కాళ్ళావేళ్ళా పడవలసి వస్తుంది. ఇంకెప్పుడూ అడ్డు రానని మాట ఇప్పించుకొని, కోడలు సుత్తి తీసుకొని మాస్కు పగలగొడుతుంది. దాంతోపాటు ముఖమూ పోయింది. ఆ ముఖం చూసి కోడలు రాక్షసి అనుకొని పారిపోతుంది. నేను రాక్షసిని కాను, మనిషినే అని అరుస్తూ ముసలావిడ వెంటపడుతుంది. దారిలో ఆ గొయ్యి. దాన్ని దాటడానికి ఎగురుతుంది. అక్కడితో చిత్రం అయిపోయింది. దాటిందో, పడిందో చెప్పడు.

దీనికి మూలం ఒక పాత బౌద్ధ కథ. గుడికి పోయే కోడలిని అత్త మాస్కుతో భయపెడితే, అది ముఖానికి అంటుకుపోయిందని చెబుతారు. షిందో 1912లో హిరోషిమాలో పుట్టినవాడు. మాస్కు కింద పాడైపోయిన ఆ ముఖాల్లో అణుబాంబుకు కాలిన మనుషుల ముఖాలు వున్నాయని ఆయనే చెప్పాడు. ఒక నీతికథ ఆయన చేతుల్లో అంత పెద్దదయింది.

అయితే నాకూ, మా తోడికోడలికీ హిరోషిమా తర్వాత గుర్తుకొచ్చింది. ముందు గుర్తుకొచ్చింది మా అత్తగారు. సినిమా అయిపోయాక ఇద్దరమూ కాసేపు మాట్లాడుకోలేదు.

మా అత్తగారు పోయి ఆరేళ్ళయింది. గట్టి మనిషి. ఆవిడ గొంతు వినబడితే వంటింట్లో గిన్నెలు కూడా చప్పుడు చేసేవి కావు. నేను మొట్టమొదటిసారి రేడియో స్టేషనుకు బయలుదేరిననాడు గుమ్మం దగ్గర నిలబడి, "ఇంట్లో మనిషితో మాట్లాడ్డానికి తీరిక లేదు గానీ, ఊరందరితో మాట్లాడతావుటే అమ్మాయ్?" అన్నారు. నేను నవ్వుముఖం పెట్టి, "వెళ్ళొస్తాను అత్తయ్యా" అని వెళ్ళిపోయాను. ఆ నవ్వుముఖం అలా ఇరవై ఏళ్ళు వుంచాను. ఆవిడ కోపపు ముఖం ఆవిడ వుంచారు. ఒకే వంటింట్లో రెండు మాస్కులు.

ఆఖరి రోజుల్లో మంచంలో వుండి, ఒకనాడు మధ్యాహ్నం, "ఇవాళ రికార్డింగు లేదూ?" అని అడిగారు. దెప్పుతున్నారనుకొని, "లేదు అత్తయ్యా" అని ముక్తసరిగా చెప్పి, ఎప్పటిలాగే నవ్వి, మందు ఇచ్చి వచ్చేశాను. పొమ్మని అడిగారో, వుండమని అడిగారో, వూరికే నాతో ఒక మాట కలపాలని అడిగారో నేను తేల్చుకోలేదు. తల వంచితే ఏడుస్తున్నట్టుండే ముఖం అది. నేను ఎప్పుడూ ఎదురుగానే చూశాను. ఆ మొదటి రోజు గుమ్మంలో ఆవిడ అన్నమాట ఇప్పుడు మళ్ళీ తలచుకొంటే, అందులో "ఇంట్లో మనిషితో" అన్న ముక్కే వినిపిస్తోంది.

సినిమాలో మాస్కు కనిపిస్తే ఇకమీదట మూడు సంగతులు గమనించండి. లోపల ఎవరున్నారో ఎవరికి తెలుసు? వెలుగు ఎటునుంచి పడుతోంది? చివరకు దాన్ని తీసేది ఎవరు? ఈ మూడింటితో సగం కథ విప్పుకోవచ్చు. మంచి దర్శకుడు ముఖం దాచేది, ఆ ముఖం వెనకాల వున్న భయాన్ని మనకు చూపించడానికే.

ఇళ్ళల్లో మాస్కులు తీసేందుకు సుత్తులు అక్కర్లేదు. "ఏమిటత్తయ్యా, ఒంటరిగా వుందా?" అని ఒక్కమాట అడిగితే చాలేమో. నేను అడగలేదు. మీలో ఎవరికైనా ఇంకా వ్యవధి వుంటే, ఈ ప్రసంగం అయిపోగానే లేచి వెళ్ళి అడగండి. సెలవు. నమస్తే.