వేట నేర్పేది తల్లే

పావగడ తాలూకాలో శెనక్కాయ ఇల్లు చేరిందంటే ఎలుకలూ చేరినట్టే. ఉన్నది కర్ణాటకలోని తుమకూరు జిల్లాలోనైనా, ఈ తాలూకా చుట్టూ చాలామట్టుకు ఆంధ్ర నేలే. ఎన్నో ఇళ్లల్లో మాట తెలుగే. విత్తనానికని గోడవారగా పేర్చిన మూటల్లో ఒకదానికి చిల్లు పడగానే, పక్కవీధిలో ఈనిన పిల్లి దగ్గర్నుంచి ఒక కూనను తెచ్చేస్తారు. ఇంకా పాలు మరవని కూన. తెచ్చాక, "దానికేమీ పెట్టొద్దమ్మా, ఆకలైతేనే ఎలుకను పడుతుంది" అని అత్త కోడలికి చెబుతుంది.

ఈ రెండు పనులూ ఆ కూనకు అన్యాయం చేసేవే.

పాలు తాగి బలిసిన పిల్లి వేటాడదన్న నమ్మకానికి తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ కూడా కొంత బలమిచ్చింది. పెనుకొండ ఇక్కడికి దగ్గరే కాబట్టి రాయలవారి కథలు ఈ ఊళ్లకు సొంతమే. కానీ ఆకలి వేరు, వేట వేరు. తిండి తింటున్న పిల్లుల ముందు ఎలుకను వదిలి చూశాడు ఆడమెక్ అనే పరిశోధకుడు. 1976లో ఆయన ప్రకటించిన ఫలితం ఇది: అవి తిండిని వదిలి లేచాయి, ఎలుకను చంపాయి, మళ్లీ తిండి దగ్గరికే వచ్చాయి. పస్తు పెడితే పిల్లి నీరసపడుతుంది, లేదా పక్కింటి ఉట్టి వెతుక్కుంటుంది.

అసలు చదువు తల్లి దగ్గరే. పిల్లలకు నాలుగు వారాలు దాటాక అది చచ్చిన ఎలుకను తెచ్చి ముందు పడేస్తుంది. కొన్నాళ్లకు కొన ఊపిరితో ఉన్నదాన్ని, ఆ తర్వాత బతికున్నదాన్నే తెచ్చి వదులుతుంది. కూనలు పట్టుకోలేకపోతే, పారిపోతున్నదాన్ని తానే మళ్లీ పట్టి తెస్తుంది. ఇంత ఓర్పు మనకెక్కడిది? దారానికి గుడ్డపీలిక కట్టి ఆడిస్తే దూకడం అలవాటవుతుంది. మెడ మీద కాటు మాత్రం దానితో రాదు.

చైనా శాస్త్రవేత్త జింగ్-యాంగ్ కువో 1930లో ప్రకటించిన లెక్కలు చూడండి. ఎలుకలను చంపే తల్లుల దగ్గర పెరిగిన 21 కూనల్లో 18 ఎలుకలను చంపాయి. ఒంటరిగా పెరిగిన 20లో తొమ్మిదే చంపాయి. ఎలుకతో కలిసి పెరిగిన 18లో మూడే. అందుకే కూనను రెండు నెలలు తల్లి దగ్గరే ఉంచాలి; ఆ తల్లి ఎలుకలు పట్టేదేనా అని అడిగి మరీ తెచ్చుకోవాలి.

అంత చేసినా పందికొక్కును పిల్లికి అప్పజెప్పకూడదు. దానికి బోనే సరి.

పిల్లి ఉన్న ఇంట్లో ఎలుకల మందు అసలే పెట్టకూడదు. బ్రోమాడియోలోన్ బిళ్ల తిన్న ఎలుక వెంటనే చావదు. రోజుల తరబడి తూలుతూ తిరిగి పిల్లికి సులువుగా దొరుకుతుంది. అలాంటివి తిన్న పిల్లికి రక్తం గడ్డకట్టదు, లోపల్లోపలే రక్తం కారిపోతుంది. పిల్లి మెత్తబడినట్టు కనిపిస్తే, మందు కవరుతో సహా వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకుపోవాలి. విటమిన్ కె1 వేళకు అందితే బతికే అవకాశం ఉంది.