కారు ఇంజిన్‌తో సొంత విమానం: బీమా కంపెనీ ఎందుకు జంకుతుంది?

కారుకు బయటి షాపులో సీఎన్‌జీ కిట్ పెట్టించినవాళ్లకు ఒక సంగతి తెలుసు. ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కాలి, బీమా కంపెనీకీ చెప్పాలి. లేదంటే ప్రమాదం జరిగిన రోజున క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. నిజానికి అక్కడ ఇంజిన్ మారలేదు, ఇంధనమే మారింది. మరి ఒకాయన ఇంటి గ్యారేజీలో విమానమే కట్టుకుని, దానికి విమాన ఇంజిన్ బదులు కారు ఇంజిన్ బిగిస్తే?

ఇదేమీ ఊహ కాదు. అమెరికా నిబంధనల ప్రకారం, నిర్మాణంలో సగానికి పైగా పనిని ఔత్సాహికులు తమ సరదా కోసమో నేర్చుకోవడం కోసమో చేసి ఉంటే, ఆ విమానం ‘ప్రయోగాత్మక’ తరగతి కింద ఎగరవచ్చు. వోక్స్‌వ్యాగన్, సుబారు, షెవర్లే కార్వెయిర్ కార్ల ఇంజిన్లు ఇలాంటి విమానాల్లో దశాబ్దాలుగా తిరుగుతున్నాయి. ముఖ్య కారణం ధర. మన దేశంలో ఇలాంటి విమానాలు బాగా అరుదు. పైలట్ అమోల్ యాదవ్ ముంబైలో డాబా మీద కట్టిన ఆరు సీట్ల విమానం 2016లో ‘మేకిన్ ఇండియా’ ప్రదర్శనలో అందరి కళ్లలో పడింది. డీజీసీఏ రిజిస్ట్రేషన్ 2017లో వచ్చింది.

కారు ఇంజిన్ పెట్టిన విమానానికి బీమా అడిగితే ప్రీమియం పెరుగుతుంది, ఒక్కోసారి అసలు కుదరదంటారు. కట్టుకున్నవాళ్ల వాదన ఒకటే: రోడ్డు మీద లక్షల కిలోమీటర్లు తిరిగిన ఇంజినే కదా?

తిరిగింది, కానీ ఇలా కాదు. హైవే మీద సాఫీగా పోతున్న కారు తన ఇంజిన్ శక్తిలో చిన్న భాగమే వాడుకుంటుంది. విమానం పైకెక్కేటప్పుడు దాదాపు పూర్తి శక్తి కావాలి, ఆ తర్వాత కూడా గంటల తరబడి 65 నుంచి 75 శాతం లాగుతూనే ఉండాలి.

రెండో చిక్కు ప్రొపెల్లర్‌తో. లైకమింగ్ వంటి విమాన ఇంజిన్ నిమిషానికి సుమారు 2,700 చుట్లు తిరుగుతుంది, ప్రొపెల్లర్ నేరుగా దానికే బిగుస్తుంది. 1.8 మీటర్ల ప్రొపెల్లర్ అంచు వేగం అప్పుడు సెకనుకు సుమారు 254 మీటర్లు. కారు ఇంజిన్ సత్తా చూపేది 4,800 చుట్ల దగ్గర. నేరుగా బిగిస్తే అదే అంచు 452 మీటర్ల వేగం అందుకుంటుంది, అంటే ధ్వనిని దాటేస్తుంది. అప్పుడు మోతే తప్ప తోపు ఉండదు. అందుకే మధ్యలో వేగం తగ్గించే గేర్‌బాక్సో బెల్టో పెట్టాలి.

అసలు కథ ఆ గేర్‌బాక్స్ దగ్గరే మొదలవుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఒక చుట్టుకు రెండు దెబ్బలు కొడుతుంది. 4,800 చుట్ల దగ్గర అవి సెకనుకు 160. ప్రతి దెబ్బకూ షాఫ్టు ఓ పిసరు మెలిపడి వదులుతుంది. షాఫ్టు సహజ కంపనంతో ఈ దెబ్బల లయ కలిసిందా, ఆ మెలి ఎన్నో రెట్లు పెరుగుతుంది. గంటకు 5,76,000 దెబ్బలు. పదిహేడున్నర గంటల్లో కోటి దాటతాయి. లోహం అలసి పగుళ్లివ్వడానికి అది చాలు.

లోహపు అలసట గురించి భిలాయిలో వివరించనక్కర్లేదు. మా సెక్టర్ 4లో ఉక్కు కర్మాగారంతో సంబంధం లేని తెలుగు ఇల్లు అరుదు. ఈ శాస్త్రానికి పునాది పడిందే రైళ్ల మీద, 19వ శతాబ్దంలో జర్మన్ ఇంజినీర్ వోలర్ రైలు ఇరుసులపై చేసిన ప్రయోగాలతో. ఇక్కడ తయారయ్యే రైలు పట్టా పక్కన ఎవరు చేశారో, ఏ ఏడాది చేశారో ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటుంది. ఎక్కడైనా విరిగితే పుట్టుక దాకా వెతుక్కుంటూ పోవచ్చు. ధ్రువీకరణ పొందిన విమాన ఇంజిన్ భాగాలకూ అలాంటి జాతకమే ఉంటుంది. ఇంట్లో కుదిర్చిన గేర్‌బాక్స్‌కు ఉండదు.

బీమా అంటే జాతకాల వ్యాపారమే. ఒక్క విమానం ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు, ఒకేలాంటివి వేలల్లో ఉంటే ఏడాదికి ఎన్ని చెడతాయో చెప్పవచ్చు. కొత్త విమానాన్ని విడిగా పరీక్షించాల్సిన గంటలను అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ సాధారణంగా రెండు రకాలుగా పెట్టింది: ఇంజిన్, ప్రొపెల్లర్ జోడీ ధ్రువీకరణ పొందినదైతే 25, కాకపోతే 40. ఆ 40 గంటలూ ఇంజిన్ ఒక్కసారి కూడా ఆగలేదనుకుందాం. దాన్ని బట్టి ఏం తేలుతుంది? గణాంకాల్లో ‘మూడు సూత్రం’ ఒకటుంది. వైఫల్యమే లేకుండా ఎన్ని గంటలు గడిచాయో ఆ సంఖ్యతో 3ను భాగిస్తే, 95 శాతం నమ్మకంతో చెప్పగల గరిష్ఠ వైఫల్య రేటు వస్తుంది. 3ను 40తో భాగిస్తే, 13 గంటలకొక వైఫల్యం! ఇంజిన్ అంత చెడ్డదని దీని అర్థం కాదు. అంత చెడ్డది కాదని ఆ 40 గంటలు రుజువు చేయలేవు, అంతే. పదివేల గంటలకు ఒకటి కన్నా తక్కువని చూపాలంటే 30,000 గంటలు నిరాటంకంగా ఎగరాలి. ఏడాదికి 100 గంటలు ఎగిరే మనిషికి అది 300 ఏళ్ల పని.

ఒకే ఇంజిన్ కిట్ 300 మంది పెట్టుకుంటే ఏడాది చాలు కదా అనవచ్చు. అందరూ ఒకేలా బిగిస్తేనే ఆ లెక్క చెల్లుతుంది. ఒకరు రేడియేటర్ ముందు పెడతారు, మరొకరు కింద పెడతారు. ఇంధన గొట్టాల దారి ఎవరిది వారిదే. అమెరికా రవాణా భద్రతా బోర్డు ఎన్‌టీఎస్‌బీ 2012లో ఇంటి విమానాలపై చేసిన అధ్యయనంలో ఇంజిన్ వ్యవస్థ వైఫల్యాలు, అదుపు తప్పడం ప్రధాన కారణాలుగా తేలాయి. ఇంధన వ్యవస్థకు పనితీరు పరీక్ష తప్పనిసరి చేయాలని కూడా బోర్డు కోరింది. గాయకుడు జాన్ డెన్వర్ 1997లో మరణించిన విమానంలో ఉన్నది కారు ఇంజిన్ కాదు. అయితే కట్టినవారు ఇంధన వాల్వు పిడిని పైలట్ ఎడమ భుజం వెనక్కు మార్చారు. ప్రమాద కారణాల్లో బోర్డు దాన్నీ చేర్చింది.

జాతకం సంపాదించుకున్న ఇంజిన్ ఒకటుంది. ఆస్ట్రియాలో తయారయ్యే రోటాక్స్ 912 కూడా గేర్‌బాక్స్ ఉన్నదే, గరిష్ఠంగా 5,800 చుట్లు తిరిగేదే. తొలి రోజుల్లో 600 గంటలకే పూర్తిగా విప్పి బాగుచేయాలనేవారు. వేలాది విమానాల్లో అనుభవం పేరుకున్నాక, 2009లో కొత్త ఇంజిన్లకు ఆ గడువు 2,000 గంటలకు చేరింది. ఇప్పుడు దాన్ని చూసి అండర్‌రైటర్లు కనుబొమ్మలు ఎగరేయరు.

కాబట్టి కట్టాలనుకునేవారు ఇంజిన్ కొనకముందే బీమా బ్రోకర్‌తో మాట్లాడటం మంచిది. ఇతరులకు జరిగే నష్టానికి పాలసీ వేరు, విమానానికి జరిగే నష్టానికి వేరు. రెండో దానిలోనూ నేల మీద ఉన్నప్పుడు మాత్రమే వర్తించేవి, గాలిలోనూ వర్తించేవి వేర్వేరుగా దొరుకుతాయి. పరీక్ష గంటలు పూర్తయ్యేదాకా మొదటి రకంతో సరిపెట్టుకోవాల్సి రావచ్చు. కిట్ తయారీదారు చెప్పిన ఇంజిన్ అయితే, నలుగురు బిగించినట్టే బిగిస్తే, ప్రతి గంటకూ ఉష్ణోగ్రతలు, ఇంధన ప్రవాహం పుస్తకంలో రాసి ఉంచితే, బ్రోకర్‌కు చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. దరఖాస్తులో ఇంజిన్ పేరు ఉన్నదున్నట్టు రాయాలి. బీమా ఒప్పందం నిలిచేది పరమ విశ్వాసం మీద. దాచిన ఇంజిన్ బయటపడితే, ప్రమాదానికి దానితో సంబంధం లేకపోయినా, క్లెయిమ్ చిక్కుల్లో పడవచ్చు.