బోడికొండ మీద నిప్పు కాపలా
పిల్లాపాపలతో హ్యాడ్లీ కొండ ఎక్కుతున్న అమెరికా కుటుంబాలు

జొన్నచేలో మంచె వేసుకుని పిట్టలను కాయడం మన రైతులకు తెలిసిన పనే. అడవికే మంచె వేసి, పిట్టలకు బదులు పొగను కాసిన చోటు ఒకటి అమెరికాలో ఉన్నది. న్యూయార్క్ నగరానికి సుమారు 300 కిలోమీటర్ల ఉత్తరాన, అడిరాండాక్ అడవుల దక్షిణపు అంచున హ్యాడ్లీ అనే కొండ ఉన్నది. దాని ఎత్తు 2,675 అడుగులు. శిఖరం మీద 1917లో నిలబెట్టిన 40 అడుగుల ఇనుప మంచె నేటికీ చెక్కుచెదరకుండా ఉన్నది. ఇప్పుడు అందులో నిప్పు కాసేవారు లేరు. సెలవు రోజుల్లో కుటుంబాలు సద్దిమూటలు, నీళ్ళ సీసాలు పట్టుకుని ఉదయం ఎక్కి, పొద్దు వాలకముందే దిగివస్తున్నాయి.

మెట్లు లేని దారి

కింది నుంచి శిఖరానికి నడక సుమారు 3 కిలోమీటర్లు. దూరం తక్కువే గాని ఆ కాస్త దూరంలోనే 1,525 అడుగులు ఎక్కాలి. అలిపిరి దారిన తిరుమల నడిచి వెళ్ళినవారికి కొండ ఎక్కడం కొత్త కాదు. అయితే ఇక్కడ మెట్లు లేవు. మొదటి భాగమంతా చెట్ల నీడన, పరుపు బండల మీదుగా నిటారుగా సాగుతుంది. గట్టు మీదికి చేరాక దారి కొంత సులువవుతుంది. పిల్లలతో వెళ్ళేవారికి ఎక్కడానికి రెండు గంటలైనా పడుతుంది. తాగే నీళ్ళు ఇంటి నుంచి తెచ్చుకోవలసిందే. తడిసిన బండ జారుతుంది గనుక దిగేటప్పుడే ఎక్కువ జాగ్రత్త కావాలి. మే, జూన్ నెలల్లో కుట్టే నల్ల ఈగల బాధ ఉంటుంది.

శిఖరం చేరేసరికి చెట్లు అయిపోయి, బోడిబండ కనిపిస్తుంది. నాలుగు దిక్కులా చూపు ఆనినంత మేర అడవి, నీళ్ళు, కొండలు. దక్షిణాన సకండాగా జలాశయం మెరుస్తుంటుంది. హడ్సన్ నది వరదలను ఆపడానికి 1930లో పూర్తయిన ఆనకట్ట వల్ల ఏర్పడిన చెరువు అది. దాని కింద పల్లెలు మునిగాయి. శ్రీశైలం ముంపు చూసినవారికి ఆ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

కొండ బోడి అయిన కథ

ఈ కొండ పుట్టుకతో బోడిది కాదు. ఆ ప్రాంతంలో 4,000 అడుగుల ఎత్తున కూడా చెట్లు పెరుగుతాయి. హ్యాడ్లీ తల మీది చెట్లను తిన్నది నిప్పు. 1903, 1908, 1911, 1915 సంవత్సరాల్లో మంటలు ఈ కొండ మీదుగా పోయాయి. చెట్టు కాలితే మళ్ళీ మొలుస్తుంది. కాని ఇక్కడ ఏళ్ళ తరబడి ఆకు రాలి, కుళ్ళి ఏర్పడిన పలుచని మన్ను కూడా కాలిపోయింది. మిగిలినదాన్ని వానలు కడిగివేశాయి. బండ బయటపడింది. నేడు పిల్లలు కూర్చుని సద్ది తినేది ఆ బండ మీదనే.

1903 వేసవి మొదట్లో అడిరాండాక్ అడవుల్లో నాలుగున్నర లక్షల ఎకరాలకు పైగా తగలబడింది. పొగ న్యూయార్క్ నగరం దాకా పోయింది. 1908లో మరో మూడు లక్షల ఎకరాలకు పైగా కాలింది. రెండుసార్లూ కారణాలు ఒకటే. కలప కొట్టినవారు దూలాలు తీసుకుపోయి, కొమ్మారెమ్మా అడవిలోనే వదిలేశారు. అవి ఎండి చితుకులయ్యాయి. బొగ్గుతో నడిచే రైలింజన్ల నిప్పురవ్వలు వాటి మీద పడ్డాయి. పొలం చదును కోసం పెట్టిన మంటలు, దారిన పోయేవారు ఆర్పకుండా వదిలిన పొయ్యిలు వాటికి తోడయ్యాయి.

దెబ్బ తిన్న తర్వాత ప్రభుత్వం మేలుకొన్నది. 1909లో మూడు ఏర్పాట్లు జరిగాయి. నరికిన చెట్ల కొమ్మలు నేలకు ఆని త్వరగా కుళ్ళిపోయేలా కొట్టివేయాలన్నారు. నిప్పు భయం ఉన్న నెలల్లో పగటి పూట రైలింజన్లను బొగ్గుతో కాక నూనెతో నడపాలన్నారు. కొండల మీద కాపలా మంచెలు లేపారు. మొదటివి కర్రవి. తర్వాత గాలిమరలు తయారు చేసే చికాగో కంపెనీ ఏర్‌మోటర్ ఇనుప మంచెలు అందించింది.

రెండు గీతలు కలిసిన చోట

మంచె పైన చుట్టూ కిటికీలతో చిన్న గది. నడుమ బల్ల మీద గుండ్రని పటం, దానిపై తిరిగే సూచిక. కాపలాదారు వసంతం నుంచి ఆకురాలు కాలం దాకా కొండ మీది గుడిసెలోనే కాపురం ఉండేవాడు. ఎక్కడైనా పొగ లేస్తే సూచికను అటు తిప్పి, దిక్కు ఎన్ని డిగ్రీలో చూసి, టెలిఫోనులో అటవీ అధికారికి చెప్పేవాడు. అదే పొగను మరో కొండ మీది మంచె నుంచి కూడా చూసి దిక్కు చెప్పేవారు. పటం మీద రెండు గీతలు కలిసిన చోటే నిప్పు. పెద్ద చదువు అవసరం లేదు. కన్ను పడకుండా చూడటమే పని.

తర్వాత విమానాల గస్తీ వచ్చింది. 1970 దశకం నుంచి మంచెలు మూతపడుతూ వచ్చాయి. హ్యాడ్లీ మంచె 1990 దాకా పని చేసింది. చాలా చోట్ల మంచెలను విప్పివేశారు. హ్యాడ్లీకి ఆ గతి పట్టకుండా చుట్టుపక్కలవారు కమిటీగా ఏర్పడి, తుప్పు వదిలించి, చెక్కమెట్లు మార్చి, జనం ఎక్కేలా బాగు చేసుకున్నారు. మెట్లెక్కేటప్పుడు చిన్నపిల్లల చేయి వదలరాదు. ఉరుములు వినిపిస్తే మంచె మీద క్షణం కూడా ఉండకూడదు.

మనకూ వేసవి ఉన్నది

మన కొండలకూ ఈ బాధ తెలుసు. 2014 మార్చిలో శేషాచలం అడవి అంటుకున్నప్పుడు వైమానిక దళ హెలికాప్టర్లు నీళ్ళు చల్లవలసి వచ్చింది. నేడు ఉపగ్రహం కనిపెట్టిన మంటల కబురును భారత అటవీ సర్వే సంస్థ అటవీ సిబ్బంది సెల్‌ఫోన్లకు పంపుతున్నది. కబురు ఎంత త్వరగా అందినా, మంట దగ్గరకు చేరి రెమ్మలతో కొట్టి ఆర్పవలసింది మనుషులే. నల్లమల దారిన నడిచి శివరాత్రికి శ్రీశైలం వెళ్ళేవారు, బీడీ ఆకుకు పోయేవారు, పశువులను తోలేవారు వండుకున్న పొయ్యిలో నీళ్ళు పోసి, చల్లారిందని చేత్తో తాకి చూసి కదిలితే, ఆ కబురు పంపవలసిన అవసరమే చాలాసార్లు రాదు. హ్యాడ్లీ మీది బండకు వందేళ్ళు దాటినా మన్ను పట్టలేదు.