జనప్రియ కల్పన, క్రైస్తవ విశ్వాసం - న్యాయభావన: ‘అభిలాష’ నుంచి మిర్యాలగూడ తీర్పు వరకు

వ్యాస సంగ్రహం: మరణశిక్షను ప్రశ్నించిన యండమూరి వీరేంద్రనాథ్ నవల ‘అభిలాష’, మిర్యాలగూడ హత్యోదంతం, ఆ ఉదంతం నేపథ్యంగా వచ్చిన ‘మర్డర్’ చిత్రం, క్రైస్తవ ధర్మచింతన - వీటిని పక్కపక్కన ఉంచి, నేరాన్ని తీర్పు తీర్చడంలో కథకూ విశ్వాసానికీ గల శక్తినీ పరిమితినీ ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: జనప్రియ నవల, న్యాయం, క్షమ, మరణశిక్ష, కులం, మిర్యాలగూడ.

1. ఉపోద్ఘాతం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పూర్వపు నల్లగొండ జిల్లా పట్టణాలు. 2016 పునర్వ్యవస్థీకరణలో మొదటి రెండూ సూర్యాపేట జిల్లాలో చేరగా, మిర్యాలగూడ నల్లగొండలోనే నిలిచింది. ఈ ప్రాంతంలో బాప్టిస్టు మిషన్ 19వ శతాబ్ది చివరి దశకంలో నల్లగొండ కేంద్రంగా వేళ్లూనుకుంది. 1976లో నల్లగొండ కతోలిక మేత్రాసనం ఏర్పడింది. క్రైస్తవంలో దళితులు ఆత్మగౌరవాన్ని వెతుక్కున్న ఈ నేలపైనే, 2018 సెప్టెంబరు 14న, పత్రికలు దళిత క్రైస్తవుడిగా పేర్కొన్న ఒక యువకుడు కులాంతర వివాహం చేసుకున్న కారణంగా గర్భవతియైన భార్య కళ్లెదుటే హత్యకు గురయ్యాడు. ప్రధాన నిందితుడైన ఆమె తండ్రి 2020 మార్చిలో, విచారణ ముగియకముందే మరణించాడు. 2025 మార్చి 10న నల్లగొండ ప్రత్యేక న్యాయస్థానం ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి జీవితఖైదు విధించింది. న్యాయం జరిగిందనడానికి ఏది గీటురాయి అన్న ప్రశ్న ఇక్కడ కేవలం గ్రంథచర్చ కాదు.

2. ‘అభిలాష’: సందేహం నుంచి పుట్టిన వాదం

‘అభిలాష’ కథానాయకుడు చిరంజీవి యువ న్యాయవాది. భారత శిక్షాస్మృతి 302వ సెక్షనులోని మరణశిక్షను తొలగింపజేయడం అతని ఆశయం. నిర్దోషికి కూడా ఉరి పడవచ్చునని నిరూపించడానికి తానే హత్యానేరంలో చిక్కుకొనేలా పథకం వేస్తాడు. 1983లో ఈ నవల చలనచిత్రంగా వచ్చింది. ఉత్కంఠనే ఆయుధంగా చేసుకొని ఒక శాసన సమస్యను సామాన్య పాఠకుడి ఇంటికి చేర్చడం దీని విశిష్టత. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మరణశిక్షను ‘అత్యంత అరుదైన’ సందర్భాలకు పరిమితం చేసింది. ఆ చర్చ సాగుతున్న కాలానికి చెందిన నవల ఇది.

అయితే నవల వాదమంతా సాక్ష్యం తప్పు కావచ్చునన్న సందేహంపై నిలిచింది. పాఠకుడి సానుభూతి నిర్దోషికి లభిస్తుంది. నేరం నిజంగా చేసినవాడి ప్రాణం గురించి ఏమనాలి? మిర్యాలగూడ హత్య సీసీ కెమెరాలో నమోదైంది; నేరం రుజువైందని విచారణ న్యాయస్థానం నిర్ధారించింది. మరణశిక్షకు హైకోర్టు ధ్రువీకరణ అవసరమన్న నియమం పొరపాటును నివారించే కంచె మాత్రమే. దోషిత్వం తేలిన చోట ‘అభిలాష’ వాదం ఆగిపోతుంది.

3. క్రైస్తవ చింతన: క్షమకూ న్యాయానికీ నడుమ

అక్కడే క్రైస్తవ వాదం మొదలవుతుంది. దోషికి కూడా మానవ గౌరవం ఉందనీ, పశ్చాత్తాపానికి దారి మూయరాదనీ దాని ఆధారం. 2018 ఆగస్టులో కతోలిక సంఘం తన సత్యోపదేశాన్ని సవరించి మరణశిక్ష అంగీకారయోగ్యం కాదని ప్రకటించింది. మిర్యాలగూడ హత్య దానికి ఆరు వారాల తరువాతిది. రోమీయులకు రాసిన లేఖలో దండనాధికారం గురించిన మాటల ఆధారంగా మరణశిక్షను సమర్థించే క్రైస్తవులూ ఉన్నారు కనుక ఈ చర్చ విశ్వాసుల మధ్య కూడా ముగిసిపోలేదు.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. కులసమాజంలో క్షమించమన్న ఉపదేశం తరచు దెబ్బతిన్నవారికే వినిపిస్తుంది. యోహాను సువార్తలో యేసు స్త్రీపై రాళ్లు వేయబూనినవారిని ఆపుతాడు, కానీ పాపాన్ని పాపం కాదనడు. లూకా సువార్త 18వ అధ్యాయంలోని విధవరాలు అన్యాయస్థుడైన న్యాయాధిపతిని వదలక న్యాయం అడుగుతుంది. ఆ పట్టుదలే మెచ్చదగినదిగా నిలుస్తుంది. ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కిన బాధిత కుటుంబం విశ్వాసానికి విరుద్ధంగా నడిచిందనడానికి ఆస్కారం లేదు. క్షమించే హక్కు బాధితులది. దాన్ని వారి తరఫున ఇతరులు వాడుకోరాదు.

4. కథ తీర్పరి అయినప్పుడు

2020లో రామ్ గోపాల్ వర్మ సమర్పించిన ‘మర్డర్’ చిత్రం ఈ ఉదంతం నేపథ్యంగా వచ్చి న్యాయస్థానాల దాకా వివాదమైంది. అప్పటికి విచారణ పూర్తి కాలేదు. హంతకుడి మనసులోకి తొంగిచూడడం కల్పనకు సహజ ధర్మం. దోస్తోయెవ్‌స్కీ ‘నేరము-శిక్ష’ గొప్పదనం అదే. కానీ ఒకరిని అర్థం చేసుకోవడం, క్షమించడం, నిర్దోషిగా తేల్చడం మూడు వేర్వేరు క్రియలు. తండ్రి ప్రేమను హేతువుగా చూపే కథ కులాన్ని పక్కకు నెడితే, మొదటిది తెలియకుండానే మూడవదిగా మారుతుంది. కూతురి ఇష్టం, హతుని జీవితం కథలో నేపథ్యంగా మిగులుతాయి.

5. ముగింపు

న్యాయవ్యవస్థ పొరపడవచ్చునని ‘అభిలాష’ హెచ్చరిస్తుంది. దోషి కూడా మనిషేనని క్రైస్తవ చింతన గుర్తుచేస్తుంది. ఈ రెండూ కలిసినా మిర్యాలగూడ ప్రశ్న పూర్తికాదు. శిక్షాస్మృతి నేరాన్ని వ్యక్తుల వారీగా పంచుతుంది. ఆ హత్యను పరువుగా భావించిన సామాజిక మనస్తత్వం ఏ అభియోగపత్రంలోనూ నిందితుల జాబితాకు ఎక్కదు. దాన్ని విచారించగల స్థలం సాహిత్యమే. తెలుగు జనప్రియ కల్పన హంతకుడెవరన్న ప్రశ్నతో ఆగక, హత్యను సమ్మతించినదెవరని అడిగినప్పుడే ఆ విచారణ మొదలవుతుంది. బల్లారాధన నుంచి శ్మశానం వరకు కులభేదం పాటించే సంఘాలకూ ఆ ప్రశ్న వర్తిస్తుంది.