ఈతకొలను నీటికి ఆమ్లమెందుకు?

ఇంటి ఆవరణలోని ఈతకొలనులో క్లోరిన్ సరిపడినంత వేసినను ఒక్కొక్కప్పుడు నీరు పచ్చబారును. అప్పుడు నీటి పి.హెచ్. విలువను పరీక్షింపవలెను.

ఈ మానమును 1909లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు సోరెన్‌సెన్ ప్రవేశపెట్టెను. 7 తటస్థము, అంతకు తక్కువ ఆమ్లమును, ఎక్కువ క్షారమును సూచించును. ఒక్క అంకె మారిన ఆమ్లత పది రెట్లు మారును.

క్లోరిన్ నీటిలో హైపోక్లోరస్ ఆమ్లముగా మారును. సూక్ష్మజీవులను చంపునది ముఖ్యముగా ఇదియే. పి.హెచ్. 7.5 వద్ద ఇందు సుమారు సగము మాత్రమే ఆ రూపమున నిలుచును; తక్కినది బలహీనమైన హైపోక్లోరైట్ అయానుగా మారిపోవును. 8.5 వద్ద మిగులునది ఇంచుమించు పదవవంతే. అట్లని 7కు దిగువకు దింపరాదు. లోహపు గొట్టములు తుప్పుపట్టును, సిమెంటు పూత కరగును, కండ్లు మండును. కనుక 7.2కు 7.8కి మధ్య ఉంచుట మేలు.

నీరు కదలినకొలది అందు కరిగియున్న బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి పి.హెచ్. పెరుగును. అందువలన అప్పుడప్పుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లము కలుపక తప్పదు. ఫినాల్ రెడ్ చుక్కలు వేసి రంగు చూచి, ఆమ్లమును కొద్దికొద్దిగా కలిపి, పంపు నడిపి, కొన్ని గంటల తరువాత మరల పరీక్షింపవలెను. ఆమ్లమును నీటిలో పోయవలెనే గాని, నీటిని ఆమ్లములో పోయరాదు. బ్లీచింగు పొడితో ఆమ్లమును ఎన్నడును కలుపరాదు. అప్పుడు వెలువడు క్లోరిన్ వాయువు ప్రాణాంతకము.