దూకలేని చుట్టం

పామర్రు, గుడివాడ, ఉయ్యూరు చుట్టుపక్కల అమెరికాలో పిల్లలున్న ఇల్లు లేని వీధి అరుదు. కూతురి కాన్పుకనో, మనవల్ని చూసుకోవాలనో ఆర్నెల్లు వెళ్ళి వచ్చే తల్లిదండ్రుల్లో కొందరు నార్త్ కెరొలైనా వెళ్తుంటారు. అక్కడి కేరీ, మోరిస్‌విల్ ఊళ్ళలో తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడ్డాయి. వాటికి దగ్గర్లోనే డర్హమ్ అనే ఊరుంది. అక్కడ డ్యూక్ విశ్వవిద్యాలయం అడవిలో, సుమారు 80 ఎకరాల్లో, 1966 నుంచి లెమూర్ల పరిశోధన కేంద్రం నడుస్తోంది. ఈసారి అటు వెళ్ళేవాళ్ళు గుళ్ళతోపాటు దీన్ని కూడా చూసి రావాలని నా కోరిక. ముందుగా టికెట్లు తీసుకోవాలి. ఎప్పుడంటే అప్పుడు లోపలికి వదలరు.

అంత దూరం వెళ్ళి కోతిజాతి జంతువుల్ని చూడటమెందుకని అనిపించవచ్చు. ఆ లెమూర్ల చుట్టం ఒకటి మన రాష్ట్రంలోనే ఉంది. విజయవాడలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి దిగే తిరుపతి దగ్గర, శేషాచలం అడవుల్లో. దాని పేరు దేవాంగ పిల్లి. పేరులో పిల్లి ఉన్నా అది పిల్లి కాదు. లెమూర్లలాగే తడిముక్కు ఉండే ఆదిమ వానరాల తెగకు చెందినది. 1758లో జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ మడగాస్కర్ లెమూర్‌నీ, సింహళం నుంచి వచ్చిన దేవాంగ పిల్లినీ ఒకే ప్రజాతిలో పెట్టాడు. తర్వాతి శాస్త్రవేత్తలు వాటిని విడదీశారు కానీ చుట్టరికాన్ని మాత్రం కాదనలేదు. రెంటికీ కింది దవడ ముందుపళ్ళు దువ్వెనలా కూర్చి ఉంటాయి. వాటితోనే ఒళ్ళు దువ్వుకుంటాయి. రెంటికీ కాలి రెండో వేలికి గోకడానికి పొడవాటి గోరు ఉంటుంది.

మడగాస్కర్‌లోనూ ఇండియాలోనూ ఇలాంటి జంతువులు ఎలా వచ్చాయన్నది పాత ప్రశ్న. హిందూ మహాసముద్రంలో మునిగిపోయిన ఖండం ఒకటి ఉండేదని, దాని మీదుగా ఇవి వ్యాపించాయని 1864లో ఫిలిప్ స్క్లేటర్ ఊహించి, ఆ ఖండానికి లెమూరియా అని పేరు పెట్టాడు. ఆ ఊహ నిలవలేదు. మునిగిన ఖండమేదీ లేదు, కదిలిన ఖండాలు ఉన్నాయి. మన భూభాగం, మడగాస్కర్ ఒకప్పుడు కలిసే ఉండి సుమారు 9 కోట్ల ఏళ్ళ కిందట విడిపోయాయి. అప్పటికి లెమూర్లు పుట్టనే లేదు. వాటి పూర్వీకులు ఆ తర్వాత ఎంతో కాలానికి ఆఫ్రికా నుంచి, తుపానుకు కూలి సముద్రంలో కొట్టుకొచ్చిన చెట్ల మీద ఆ దీవికి చేరాయన్నది ఇవాళ ఎక్కువమంది ఒప్పుకునే మాట. ఒడ్డెక్కిన ఆ కొద్ది జంతువుల సంతానమే వందకు పైగా జాతులుగా విస్తరించింది. వాటిలో 30 గ్రాముల చుంచెలుక లెమూర్ నుంచి తొమ్మిది కిలోల దాకా తూగే ఇండ్రి వరకూ ఉన్నాయి.

ఆ వైభవం ఇప్పుడు కూలిపోతోంది. 2020లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి లెక్క ప్రకారం 107 జాతుల్లో 103 అంతరించే ముప్పులో ఉన్నాయి. వాటిలో 33 జాతులు చివరి అంచున ఉన్నాయి. అక్కడి రైతును తిట్టి లాభం లేదు. మడగాస్కర్ జనం మనలాగే మూడు పూటలా అన్నం తినేవాళ్ళు. కాలువ నీళ్ళు, డెల్టా నేల లేని చోట కొండవాలు అడవిని నరికి, కాల్చి, ఆ బూడిదలో వరి చల్లుతారు. మన ఏజెన్సీలో పోడు అంటామే, అదే. రెండు మూడు పంటలకు సారం పోతుంది, ఇంకో వాలు నరకాలి. వంటకు బొగ్గు కూడా ఆ అడవి నుంచే రావాలి. అందుకే డ్యూక్ కేంద్రం వాళ్ళు 2012లో మడగాస్కర్ ఈశాన్యంలోని సావా ప్రాంతంలో పని మొదలుపెట్టినప్పుడు జంతువులతోపాటు మనుషుల బతుకుల మీద కూడా దృష్టి పెట్టారు. తక్కువ కట్టెతో మండే పొయ్యిలు, మొక్కల నర్సరీలు, చేపల చెరువులు. చేపల చెరువు ఊరికి ఎలా అన్నం పెడుతుందో కైకలూరు వైపు వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

మడగాస్కర్ వెలుపల ఇన్ని రకాల లెమూర్లు ఒకచోట ఉన్నది డర్హమ్‌లోనే. రెండు వందలకు పైగా జంతువులున్నాయి. వాటిని కోసి చూసే పరిశోధనలు ఉండవు. నొప్పి, హాని లేని పనులకే అనుమతి. వాతావరణం వెచ్చగా ఉన్న నెలల్లో చాలావాటిని కంచె వేసిన అడవిలోకి వదులుతారు. చలి ముదిరితే లోపల వేడి గదులు. ఇదంతా ఏ మంచి జూలోనైనా చూడగలిగేదే. నన్ను ఆకట్టుకున్నది మాత్రం వాటి తిండి సంగతి.

లెమూర్లకు పండ్లు పెడితే చాలని మొదట అందరూ అనుకున్నారు. మనం తోటల్లో పండించే పండు వేరు, అడవి పండు వేరు. తరతరాలుగా మన నాలుకకు తగ్గట్టు తీపి పెంచుకుంటూ వచ్చాం. అడవి పండులో అంత తీపి లేదు, పీచు ఎక్కువ. బజారు అరటిపండ్లు తిన్న లెమూర్లకు ఒళ్ళొచ్చింది, చక్కెర జబ్బు వచ్చింది. అంతకన్నా వింత సమస్య ఇనుముతో వచ్చింది. పెంపకంలో చనిపోయిన లెమూర్ల కాలేయాల్లో ఇనుము పేరుకుపోయి కనబడింది. కారణం వెతికితే వగరు దగ్గర తేలింది. అడవిలో వాటి ఆకులూ కాయలూ వగరుగా ఉంటాయి. ఆ వగరుకు మూలమైన టానిన్ కడుపులో ఇనుమును పట్టి ఉంచి బయటికి పంపేస్తుంది. ఆ తిండికి అలవాటుపడిన శరీరం, దొరికిన ఇనుమును వదలకుండా పీల్చుకునేలా తయారైంది. పెంపకంలో వగరు పోయింది. పైగా నిమ్మ, నారింజ జాతి పండ్లలోని సి విటమిన్ ఇనుమును ఇంకా లోపలికి తోస్తుంది. అందుకే ఇప్పుడు ఇలాంటి కేంద్రాల్లో పుల్లటి పండ్లు తగ్గించి, ఆకు పెంచారు.

తోకకు నలుపు తెలుపు చారలుండే లెమూర్‌ని అందరూ బొమ్మల్లో చూసే ఉంటారు. దక్షిణ మడగాస్కర్ నదుల ఒడ్డున దాని ప్రధాన ఆహారం ఏమిటో తెలుసా? మన చింతచెట్టు. చింతకాయలూ, చింతచిగురూ. బెరెంటీ అనే చోట 1963 నుంచి వీటిని గమనించిన అలిసన్ జాలీ రాతల్లో ఆ చింతతోపులు మాటిమాటికీ కనిపిస్తాయి. మనం పప్పులో వేసుకునే చిగురును అక్కడ తల్లి లెమూర్ పిల్లను వీపునేసుకుని కోసుకు తింటుంది. మడగాస్కర్ నుంచి మనకు వచ్చినవీ తక్కువేమీ కాదు. మన రోడ్ల పక్క ఎండల్లో ఎర్రగా పూసే తురాయి అక్కడిదే. పెరట్లో బిళ్ళగన్నేరూ అక్కడిదే. రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చే విన్‌క్రిస్టిన్ మందు ఆ బిళ్ళగన్నేరు నుంచే వచ్చింది.

సిఫాకా అనే ఇంకో లెమూర్ ఆకు మీదే బతుకుతుంది. డర్హమ్‌లో చలికాలం చెట్లు మోడవుతాయి. అందుకని అక్కడి పనివాళ్ళు వేసవిలోనే సుమాక్ ఆకు కోసి, సంచుల్లో కట్టి, ఫ్రీజర్లలో దాచి చలికాలమంతా పెడతారు. ఒక జంతువును బతికించడమంటే ఇంత చాకిరీ.

బొద్దుతోక మరుగుజ్జు లెమూర్‌ది మరో కథ. మడగాస్కర్‌లో వానల్లేని కాలంలో తిండి, నీళ్ళు కరువైనప్పుడు ఇది చెట్టు తొర్రలో దూరి ఏడు నెలల దాకా దీర్ఘనిద్రలో ఉంటుంది. తోకలో దాచుకున్న కొవ్వే ఆధారం. గుండె నిమిషానికి పది సార్లు కూడా కొట్టుకోదు. మనిషి ఉన్న వానర గణంలో ఇలా నిద్రపోగల జంతువులు దాదాపు ఇవే. డర్హమ్‌లో ఏడాది పొడుగునా ఒకే వెచ్చదనంలో ఉంచితే దశాబ్దాలపాటు ఇవి ఆ పని సరిగ్గా చెయ్యలేదు. గది ఉష్ణోగ్రతను రుతువుల్లా తగ్గించి, తిండి తగ్గించి చూస్తే, నాలుగు నెలల కాలంలో 70 శాతం నిద్రలోనే గడిపాయని, ఒక్కో విడత 11 రోజుల దాకా మేలుకోలేదని 2021లో ప్రకటించారు. సుఖంగా ఉంచితే చాలదు, దాని రుతువును దానికి ఇవ్వాలని ఆ ప్రయోగం తేల్చింది.

ఇంత శ్రద్ధగా పెంచిన వాటిని తిరిగి అడవికి పంపగలమా? ప్రయత్నించారు. 1997 నుంచి 2001 మధ్య అమెరికాలో పుట్టిన 13 నలుపు తెలుపు రఫ్డ్ లెమూర్లను మడగాస్కర్‌లోని బెతాంపొనా రక్షిత అడవిలో విడిచారు. అంతకుముందు డ్యూక్ అడవిలో స్వేచ్ఛగా తిరిగి చెట్టెక్కడం, మేత వెతకడం నేర్చినవే వాటిలో చాలా ఉన్నాయి. అయినా ఫోసా అనే వేటజంతువు వాటిలో కొన్నింటిని చంపి తినేసింది. ముంగిసకు దగ్గరి బంధువైన ఫోసా చెట్లెక్కి మరీ వేటాడుతుంది. దాన్ని చూసి భయపడాలని తల్లి నేర్పని పిల్లలవి. కొన్ని బతికి, అక్కడి అడవి లెమూర్లతో జతకట్టి పిల్లల్ని కన్నాయి. అంటే ప్రయోగం పూర్తిగా విఫలం కాలేదు. కానీ అడవిని పోగొట్టుకుని, జంతువును దాచిపెట్టి, తర్వాత ఎప్పుడో కలపొచ్చనే నమ్మకానికి అది గట్టి హెచ్చరిక.

ఇక మన చుట్టం సంగతి. దేవాంగ పిల్లి పావుకిలో బరువుంటుంది. తోక లేదు. పుల్లల్లాంటి కాళ్ళూ చేతులూ, మొహమంతా కళ్ళే. పగలు నాలుగైదు కలిసి ముళ్ళకంపలో ఉండలా చుట్టుకుని నిద్రపోతాయి. చీకటిపడ్డాక ఆకు కదలకుండా నడిచి చీమల్నీ, చెదల్నీ, కుట్టే పురుగుల్నీ పట్టి తింటాయి. తల్లి పిల్లను కొమ్మకు అతుక్కుని ఉండమని వదిలి మేతకు పోయి, తెల్లవారుజామున వచ్చి తీసుకుపోతుంది. మూత్రాన్ని కాళ్ళకూ చేతులకూ రాసుకునే అలవాటు ఉంది. వాసనతో కబురు పెట్టడానికని కొందరూ, పురుగుల కాటుకు విరుగుడని కొందరూ అంటారు. కంటి వెనక అద్దంలాంటి పొర ఉండటంతో లైటు పడితే కళ్ళు ఎర్రటి నిప్పుకణికల్లా మెరుస్తాయి. పరిశోధకులు వీటిని లెక్కపెట్టేది ఆ మెరుపుతోనే. మైసూరు విశ్వవిద్యాలయానికి చెందిన మేవా సింగ్ బృందం దక్షిణ ఆంధ్ర అడవుల్లో చేసిన సర్వే 2000లో అచ్చయింది.

లెమూర్‌కీ దీనికీ ఉన్న పెద్ద తేడా ఒకటుంది. సిఫాకా ఒక్క ఉదుటున తొమ్మిది మీటర్లు దూకగలదు. దేవాంగ పిల్లి దూకలేదు. ఒక చెయ్యి కొమ్మను పట్టుకున్నాకే రెండోది వదులుతుంది. కొమ్మకు కొమ్మ తగిలితేనే దానికి దారి. మన కృష్ణా డెల్టాలో పచ్చదనానికి లోటు లేదు. కానీ ఎకరాలకొద్దీ వరి, గట్ల మీద దూరదూరంగా తాడిచెట్లు. ఇక్కడ అది ఒక్క రాత్రి కూడా గడపలేదు. అడవిలోనైనా మధ్యలో రోడ్డు పడితే, కంచెకున్న తుమ్మా రేగూ కొట్టేసి రాతిస్తంభాలు పాతితే, కిందికి దిగి నడవక తప్పదు. అలా దిగినప్పుడే కుక్కలకు చిక్కుతుంది, చక్రాల కింద పడుతుంది, కరెంటు తీగల్ని కొమ్మలనుకుని పట్టుకుంటుంది.

ఇవి చాలవన్నట్టు మూఢనమ్మకం. దీని కళ్ళు మందుకు పనికొస్తాయని, చేతబడికి వాడొచ్చని పట్టుకుని చంపేవాళ్ళున్నారు. ఆ కళ్ళలో చీకట్లో చూసే శక్తి తప్ప మరే మహిమా లేదు. వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న ఈ జంతువును పట్టినా, అమ్మినా మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ జైలు.

జాతిని నిలబెట్టే పెంపకం తెలుగునాట కొత్తేమీ కాదు. హైదరాబాద్‌లోని లేకోన్స్ పరిశోధనశాల, నెహ్రూ జూ కలిసి 2010లో మూషిక జింకల పెంపకం మొదలుపెట్టి, తర్వాత వాటిని అమ్రాబాద్ అడవిలో విడిచిపెట్టాయి. దేవాంగ పిల్లికి మాత్రం పెంపకం కన్నా ముందు కావలసింది దారి. తమిళనాడు 2022 అక్టోబరులో కరూరు, దిండిగల్ జిల్లాల్లో 11,806 హెక్టార్లను కడవూరు దేవాంగ పిల్లి అభయారణ్యంగా ప్రకటించింది. దేశంలో ఈ జంతువు కోసం ఏర్పడిన మొదటి అభయారణ్యం అదే. 2010 నుంచి జీవావరణ రక్షిత ప్రాంతంగా ఉన్న శేషాచలం మనకుంది. కానీ అక్కడ మన చర్చంతా ఎర్రచందనం దొంగల చుట్టూనే తిరుగుతోంది. అక్కడి రోడ్ల మీదుగా కొమ్మల్ని కలిపే తాళ్ళ వంతెనలు కట్టడం కష్టమైన పని కాదు. జావాలో దేవాంగ పిల్లి బంధువు కోసం పొలాలకు నీళ్ళు పోయే పైపుల్నే చెట్టు నుంచి చెట్టుకు ఎత్తి కట్టారు. రైతుకు నీరందింది, జంతువుకు దారి దొరికింది.

అటు రాయలసీమ, నెల్లూరు వైపు అడవి అంచున పొలాలున్న బంధువులెవరైనా మీకుంటే ఒక మాట చెప్పండి. కంచెలో తుమ్మనీ, రేగునీ, అల్లుకుని పెరిగిన తీగల్నీ కొట్టేయవద్దని. రాత్రిపూట ఎర్రటి కళ్ళు కనబడితే చేత్తో పట్టుకోవద్దు, ఇంటికి తేవద్దు, ఫోటోలకు ఫ్లాష్ కొట్టవద్దు. రోడ్డు మీదో, గాయపడో కనబడితే అటవీ శాఖ వాళ్ళకు ఫోన్ చెయ్యండి.